కాలవ పక్క చేను నుంచి 303 నంబరు ఫ్లాటు దాకా: అద్దె ఇంటి ప్రాజెక్టు డైరీ

2023 ఫిబ్రవరి 5, ఆదివారం

పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన 75 సెంట్ల చేను మొన్న శుక్రవారం అమ్మేశాం. తణుకు దగ్గర మా ఊళ్లో, కాలవ పక్క చేను. 34 లక్షలు వచ్చాయి. సంతకాలయ్యి బయటికొచ్చాక నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను బస్సెక్కేటప్పుడు మాత్రం "ఈ డబ్బు కరిగిపోయే చోట పెట్టకమ్మా" అన్నారు. అందుకే ఈ డైరీ. ఎక్కడ ఎంత పెట్టాను, ఎందుకు పెట్టాను, చివరికి చేతికి ఎంత మిగిలింది అన్నది రూపాయితో సహా రాసి ఉంచుకోవాలి.

చేను మీద కౌలు రెండు పంటలకీ కలిపి ఏడాదికి 21 బస్తాలు. ఈ ఏడాది మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,040 రూపాయలు. 75 కిలోల బస్తా లెక్కన చూస్తే ఏడాదికి 32 వేలు. 34 లక్షల ఆస్తి మీద ఒక్క శాతం కూడా కాదు. మేం హైదరాబాద్‌లో ఉంటూ ఆ చేను చూసుకోలేకపోతున్నాం, నాన్నకు వయసైపోయింది. ఊరు తణుకు మున్సిపాలిటీకి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి పల్లె పొలం కింద లెక్క, అమ్మకం మీద పన్ను లేదని ఆడిటర్ గారు చెప్పారు. అదొక్కటీ కలిసొచ్చింది.

మా వారితో కూర్చుని మూడు మాటలు రాసుకున్నాం. కొనే ఇల్లు మేముండే మూసాపేట నుంచి అరగంటలో చేరేంత దూరంలోనే ఉండాలి, కుళాయి పగిలితే వెళ్లి నిలబడేది మేమే. లోన్ 20 లక్షలు దాటకూడదు. ఇల్లు కొన్నాక రిపేర్లకు కనీసం 3 లక్షలు చేతిలో మిగలాలి.

2023 ఫిబ్రవరి 26, ఆదివారం

మూడు ఆదివారాల్లో పదకొండు ఇళ్లు చూశాం. షట్టర్ కూడా ఒకటి చూశాం, కిరాణా కొట్టు పెట్టుకునే లాంటిది. షట్టర్లకు అద్దె ఎక్కువే, కానీ ఆ వీధిలో నడిచి చూస్తే నాలుగింటికి తాళాలు వేసి ఉన్నాయి. ఇల్లు ఖాళీ అయితే రెండు నెలల్లో ఎవరో ఒకరు వస్తారు. షట్టర్ ఖాళీ అయితే ఏడాది చూడాల్సి రావచ్చు. వద్దనుకున్నాం.

బాచుపల్లి వైపు ఒక ఏజెంట్ ప్రీ లాంచ్ ఫ్లాటు చూపించాడు. చూపించాడు అంటే, ఖాళీ స్థలమూ రంగుల బ్రోచరూ. మొత్తం డబ్బు ముందే కడితే చదరపు అడుగు సగం ధరకేనట. రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నంబరు అడిగితే "వస్తుంది మేడం, ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ కట్టేవాళ్లు రెరాలో నమోదు కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, అమ్మకూడదు. నాకు కావాల్సింది వచ్చే ఏడాది నుంచి అద్దె. కాగితం మీద ఇల్లు అద్దె ఇవ్వదు.

ఇంకోటి మనసు లాగింది. ఐదో అంతస్తులో పెంట్‌హౌస్, చుట్టూ గాలి, ధర కూడా మిగతా ఫ్లాట్ల కన్నా ఎనిమిది లక్షలు తక్కువ. ప్లాన్ తీసి చూస్తే అనుమతి నాలుగు అంతస్తులకే. 2015లో క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టారు, ఆ రసీదే చూపించారు. దరఖాస్తు అనుమతి కాదు. బ్యాంకు లోన్ ఇవ్వదు, రేపు మనం అమ్మబోయినా కొనేవాడికి కూడా బ్యాంకు ఇవ్వదు. చవకగా వచ్చే ఇంట్లో ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేదాకా అడుగు వేయకూడదు.

2023 మార్చి 19, ఆదివారం

కూకట్‌పల్లి వివేకానంద నగర్ కాలనీలో 303. ఇది నిలిచేట్టుంది.

2001లో కట్టిన బిల్డింగ్. 500 గజాల స్థలం, నాలుగు అంతస్తులు, 12 ఫ్లాట్లు. మాది అయ్యేది 1,020 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్, తూర్పు గుమ్మం, స్థలంలో 42 గజాల వాటా. అమ్మేవాళ్లు పెద్దవాళ్లు, కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. మెట్రో స్టేషన్‌కు ఆటోలో పది నిమిషాలు. 2018 సెప్టెంబరు నుంచి మియాపూర్ రైలు ఎల్బీ నగర్ దాకా నడుస్తోంది కాబట్టి అమీర్‌పేటలో ఉద్యోగం చేసేవాళ్లూ, దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకునేవాళ్లూ ఇక్కడ ఉండగలరు. అద్దెకు దిగేవాళ్లు మన టైల్స్ కన్నా ముందు తమ ఆఫీసు ఎంత దూరమో చూసుకుంటారు.

ఏజెంట్ పోయిన ఆదివారం పదకొండింటికి చూపించాడు. ఆ వేళకు ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది. అందుకే ఈ రోజు ఉదయం ఆరున్నరకు ఒక్కదాన్నే వెళ్లాను. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పన్నెండు ఇళ్లలోనూ స్నానాలూ, గిన్నెలూ, వాషింగ్ మెషీన్లూ ఒకేసారి. నీళ్ల సంగతి అప్పుడే తెలుస్తుంది. వాచ్‌మన్ భార్య తాళం తీసింది. వంటింటి కుళాయి, రెండు బాత్రూముల కుళాయిలు ఒకేసారి విప్పాను. వంటింట్లో ధార బాగుంది. వెనక బాత్రూంలో ధార చిటికెన వేలంత సన్నం. బకెట్ నిండటానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఫోన్‌లో టైం చూసుకున్నాను. పైప్ లోపల తుప్పు పట్టి మూసుకుపోయిందని అర్థం.

మేడ మీదికి ఎక్కి ట్యాంకు మూత తీసి చూశాను. మెట్ల దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను, వేసవిలో ఎలా ఉంటుందని. ముందు "ఏం ప్రాబ్లం లేదు మేడం" అన్నాడు. కాసేపాగి, అతని పాప ఏ క్లాసో, నేను పనిచేసే స్కూలు ఎక్కడో మాట్లాడుకున్నాక చెప్పాడు. "ఎండాకాలం జర కష్టమే మేడం. బోరు తక్కువ పోస్తది. ట్యాంకర్ తెప్పిస్తరు." బోరు ఎంత లోతు, మున్సిపల్ మంజీర నీళ్లు ఏ రోజుల్లో వస్తాయి, ట్యాంకర్ డబ్బు ఎలా పంచుకుంటారు, అన్నీ అతనికే తెలుసు. బిల్డింగ్ గురించి నిజం కావాలంటే ఏజెంట్ కన్నా వాచ్‌మన్‌ను అడగాలి. అది కూడా ఒక్కసారి కాదు.

అడిగింది 49 లక్షలు. బాత్రూం పైపులు చూపించి బేరం పెట్టాం. 46కు ఒప్పుకున్నారు.

2023 ఏప్రిల్ 9, ఆదివారం

వారమంతా కాగితాలే. లాయర్ గారు ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల రికార్డు) 13 ఏళ్లకు సరిపోదు, 30 ఏళ్లకు తీయమన్నారు. తీస్తే స్థలం కొన్నప్పటి నుంచి వరుస మొత్తం కనిపించింది: స్థలం ఓనర్, బిల్డర్‌తో డెవలప్‌మెంట్ ఒప్పందం, బిల్డర్ అమ్మకం, మధ్యలో ఒక బ్యాంకు తనఖా. ఆ తనఖా తీరినట్టు రిలీజ్ డీడ్ ఉందా అంటే, లోన్ 2012లోనే కట్టేశాం అన్నారు కానీ కాగితం లేదు. పెద్దాయన బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగి తెచ్చారు. అది వచ్చేదాకా అడ్వాన్సు చెక్కు ఇవ్వలేదు. వాళ్లను ఇబ్బంది పెడుతున్నానని బాధేసింది గానీ ఆ ఒక్క కాగితం లేకపోతే రేపు ఆ తిరుగుడు నేను తిరగాలి.

ప్లాన్ మీద కూకట్‌పల్లి మున్సిపాలిటీ ముద్ర ఉంది. మొదట కంగారుపడ్డాను, హైదరాబాద్ నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీది కదా ఉండాలి అని. 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లిని, మరో పదకొండు మున్సిపాలిటీలను కలిపే కదా జీహెచ్ఎంసీ చేశారు, 2001 ప్లాన్‌కు పాత ముద్రే ఉంటుంది. ప్లాన్‌లో నాలుగు అంతస్తులు, కట్టింది నాలుగు అంతస్తులు. హాయిగా నిద్రపోయాను.

సేల్ డీడ్ డ్రాఫ్ట్‌లో స్థలం వాటా అంకె ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మా దాంట్లో 42 గజాల చోట 24 అని టైపు చేశారు. పాత బిల్డింగ్‌లో మన ఆస్తి అంటే ఆ 42 గజాలే. ఇటుకలకు ఏటేటా విలువ తగ్గుతుంది, భూమికి తగ్గదు.

2023 మే 22, సోమవారం

రిజిస్ట్రేషన్ అయింది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 3,45,000. ఏజెంట్‌కు ఒక శాతం, 46,000. లాయర్, బ్యాంకు ప్రాసెసింగ్ కలిపి 12,000. ధర 50 లక్షల లోపు కాబట్టి కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసి కట్టే పన్ను) పట్టి కట్టాల్సిన పని మాకు లేకపోయింది. పాత ఫ్లాటు కాబట్టి జీఎస్టీ కూడా లేదు.

లోన్ 20 లక్షలు, 9 శాతం, 15 ఏళ్లు. ఈఎంఐ 20,285. రిపేర్లకు చేతిలో 3,97,000 మిగిలింది.

2023 జూన్ 11, ఆదివారం

మేస్త్రి ఎస్టిమేట్ 2,20,000. ఇది ఎంత దూరం పోతుందో ఈ వారం అర్థమైంది.

వెనక బాత్రూంలో టైల్స్ మారుద్దామని మొదలుపెట్టాం. మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి నేరుగా వెళ్లేసరికి కుర్రాడు సుత్తితో టైల్స్ కొడుతున్నాడు. ఒక పెచ్చు లేచింది, కింద ఇటుక ముక్కలు. ఆ ముక్క చేతిలోకి తీసుకుంటే స్పాంజిలా నీళ్లు కారాయి. ఇల్లు మూడు నెలలుగా ఖాళీ, కుళాయిలు వాడేవాళ్లు లేరు, అయినా తడి. మేస్త్రి ఉలితో పక్కన ఇంకాస్త తవ్వి చూపించాడు. బాత్రూం స్లాబు గదుల స్లాబు కన్నా అడుగు లోతులో పోస్తారు, ఆ గుంతలోంచే పైపులు పోతాయి, మిగతా ఖాళీని ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. ఇనుప పైపు జాయింట్ దగ్గర సన్నగా కారి కారి ఆ గుంత చెరువైపోయింది. పైప్ వేలితో నొక్కితే పెంకులా ఊడింది.

కింద 203లోకి వెళ్లి అడిగాను. ఆవిడ తలుపు తీసి ఒక్క మాట అనకుండా బాత్రూం సీలింగ్ చూపించారు. సున్నం పొట్టులు పొట్టులుగా ఊడి ఉంది. ఆరేళ్లుగా చెబుతున్నారట. "మీరు మొత్తం చేయిస్తారా, లేక పైపైన టైల్స్ వేసి అద్దెకిచ్చేస్తారా?" అని అడిగారు. సూటి ప్రశ్న. మొత్తం చేయిస్తానని మాటిచ్చాను.

రెండు బాత్రూములూ స్లాబు దాకా తవ్వించాం. పాత ఇనుప పైపులన్నీ తీసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించాం. స్లాబు మీద, గోడలకు అడుగున్నర ఎత్తు దాకా వాటర్‌ఫ్రూఫింగ్ రెండు కోటింగులు. ఆ తర్వాత నీళ్లు బయటికి పోయే రంధ్రానికి గుడ్డ కుక్కి నీళ్లు కట్టి 48 గంటలు వదిలేశాం. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. రోజూ పొద్దున్నా సాయంత్రం కింద 203లో సీలింగ్ చూడటం, పైన గీత చూడటం. రెండో రోజు సాయంత్రానికి గీత దగ్గరే ఉంది, కింద పొడిగా ఉంది. ఆ తర్వాతే టైల్స్. మేస్త్రికి తొందర ఉంటుంది, "ఏం కాదు మేడం, నేను గ్యారంటీ" అంటాడు. ఈ 48 గంటల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి.

వాలు కూడా దగ్గరుండి చూశాను. టైల్స్ ఆరాక ఒక మగ్గు నీళ్లు గుమ్మం దగ్గర పోస్తే అవి నిలవకుండా జాలీ దాకా వెళ్లాలి. ముందు బాత్రూంలో కమోడ్ వెనక నిలబడ్డాయి. నాలుగు టైల్స్ తీయించి మళ్లీ వేయించాం.

2023 జూలై 2, ఆదివారం

పని అయిపోయింది. లెక్క: బాత్రూములు 1,62,000. వంటింటి గట్టు, సింక్ 41,000. వైరింగ్ 37,000, గీజర్లకూ ఏసీకీ వేరే లైన్లు, పాత ఫ్యూజుల స్థానంలో ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగే స్విచ్‌లు). రంగులు 52,000. తలుపులు, దోమల జాలీలు 24,000. చెత్త దింపించడం, చిల్లర ఖర్చులు 22,000. మొత్తం 3,38,000. ఎస్టిమేట్ కన్నా లక్షా 18 వేలు ఎక్కువ. 3 లక్షలు పక్కన పెట్టాలన్న మాట రాసుకోకపోయి ఉంటే సగంలో ఆగిపోయేవాళ్లం.

రిజిస్ట్రేషన్, ఏజెంట్, లాయర్, రిపేర్లు అన్నీ కలిపితే ఈ ఫ్లాటు ధర 46 లక్షలు కాదు, 53,41,000. అద్దె శాతం లెక్క వేసేటప్పుడు ఈ అంకెతోనే వేయాలి.

ఇప్పుడొచ్చిన చిక్కు పంచాంగంలో ఉంది. గత నెల 19 నుంచి ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు మారరు, అది తెలుసు. కానీ ఈ ఏడాది శ్రావణం రెండు. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, అదీ శూన్యమాసమే. టు లెట్ బోర్డు కట్టి వారమైంది. వచ్చి చూసిన వాళ్లంతా "బాగుందండీ, నిజ శ్రావణంలో చెబుతాం" అంటున్నారు. మన దగ్గర అద్దె ఇంటి వ్యాపారం చేసేవాళ్లు బ్యాంకు వడ్డీతో పాటు పంచాంగం కూడా చూసుకోవాలి. మే నెలలో, స్కూళ్లు తెరవకముందు ఇల్లు సిద్ధంగా ఉండి ఉంటే వెంటనే ఎవరో ఒకరు దిగేవాళ్లు.

2023 జూలై 21, శుక్రవారం

ముసురు. స్కూళ్లకు సెలవిచ్చారు. గొడుగేసుకుని 303కి వెళ్లాను. పడమటి పడగ్గదిలో కిటికీ కింద, కొత్త రంగు మీద చెయ్యంత తడి మచ్చ. బయట గోడ పగులు లోంచి దిగింది. లోపలి రంగులు వర్షాలయ్యాక వేయించి ఉండాల్సింది, లేదా ముందు బయటి గోడ చూపించుకోవాల్సింది. తాడు కట్టుకుని దిగి పగుళ్లు పూడ్చేవాళ్లను పిలిపించాం. లోపల పుట్టీతో సహా 8,500.

ఒక మంచి జరిగింది. అద్దెకుండేవాళ్లు వచ్చాక ఈ మచ్చ పడి ఉంటే వాళ్ల బీరువా పాడయ్యేది.

2023 ఆగస్టు 20, ఆదివారం

నిజ శ్రావణం వచ్చిన నాలుగు రోజుల్లో ఏడుగురు చూశారు. ఒకాయన 24,000 ఇస్తానన్నారు, పది మంది పిల్లలతో హాస్టల్ నడుపుతారట. మా లెక్క కన్నా ఏడు వేలు ఎక్కువ. కానీ పన్నెండు ఇళ్లకు ఒక్క బోరు, అందులో పది మంది ఒకే ఫ్లాట్లో. 203 ఆవిడ ముఖం గుర్తొచ్చింది. వద్దని చెప్పాం.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ నేను అడగకముందే తమ కులం చెబుతున్నారు, లేదా "మేం నాన్‌వెజ్ తక్కువే తింటామండీ" అని సంజాయిషీ ఇస్తున్నారు. ఎన్ని గుమ్మాల దగ్గర అవమానపడితే ఆ మాట ముందే వస్తుంది! నేను అడిగినవి నాలుగే: ఎంతమంది ఉంటారు, ఉద్యోగాలు ఎక్కడ, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు, అక్కడి ఓనర్ ఫోన్ నంబరు ఇస్తారా. ఆ నాలుగో దానికి తటపటాయించని వాళ్లను గమనించాను.

శ్రీకాకుళం నుంచి వచ్చిన జంట. అతను ల్యాబ్ టెక్నీషియన్, ఆ అమ్మాయి నర్సు. వాళ్లతో అతని తల్లి. పెద్దావిడ ఇల్లంతా చూడలేదు. నేరుగా వెనక బాత్రూంలోకి వెళ్లి కుళాయి విప్పి, ధార కింద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. "నీళ్లు బాగున్నాయమ్మా" అంది. ఇల్లు వాళ్లకే ఇవ్వాలని నాకు అప్పుడే అనిపించింది.

2023 ఆగస్టు 27, ఆదివారం

పొద్దున్నే పాలు పొంగించారు. అద్దె 17,000, సెప్టెంబరు 1 నుంచి. ఈ నాలుగు రోజులు లెక్కలోకి తీసుకోలేదు. మెయింటెనెన్స్ 2,000 వాళ్లు అసోసియేషన్‌కు నేరుగా కడతారు. అడ్వాన్సు రెండు నెలలు, బ్యాంకు ద్వారానే. అగ్రిమెంట్ 11 నెలలు. అందులో నేను పట్టుబట్టి రాయించినవి రెండు ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఉండదు, పగలగొట్టినవాటికే కోత. ఏ రిపేర్ ఎవరిది అన్నది పేరుపేరునా: గోడలు, పైపులు, వైరింగ్, గీజర్ మావి. బల్బులు, కుళాయి వాషర్లు వాళ్లవి.

గదికి ఆరేడు ఫోటోలు తీసి, కరెంటు మీటర్ రీడింగుతో సహా వాళ్లకూ వాట్సాప్‌లో పంపాను. ఏడాది తర్వాత ఈ మచ్చ ముందే ఉందా అన్న వాదన రాకూడదు.

2023 డిసెంబరు 10, ఆదివారం

303లో అద్దెకుండే అతను ఆఫీసులో హెచ్ఆర్ఏ (జీతంలో ఇంటద్దె భత్యం) మీద పన్ను తగ్గింపు కోసం నా పాన్ నంబరు కావాలని మొహమాటంగా అడిగాడు. పాత ఓనర్ ఇవ్వనన్నాడట. అద్దె ఏడాదికి లక్ష దాటితే పాన్ చూపించాలి. ఇచ్చాను. పన్ను ఎగ్గొట్టడానికి పాన్ దాచుకునే ఓనర్ దగ్గర జీతగాళ్లు నిలవరు. నిజానికి కట్టాల్సిన పన్ను భయపడేంత ఉండదు, ఆ లెక్క కింద రాస్తాను.

గీజర్ ఎలిమెంట్ పోయింది, 1,400. ఫోన్ వచ్చిన మర్నాడే మార్పించాం.

2024 ఏప్రిల్ 7, ఆదివారం

నగరమంతా ట్యాంకర్ల వెంట పరుగులు. మా బోరు మార్చి మధ్యలోనే గాలి పోయడం మొదలుపెట్టింది. అసోసియేషన్ ట్యాంకర్లు తెప్పిస్తోంది, మెయింటెనెన్స్ కాక నెలకు ఫ్లాటుకు 1,800 అదనం. అగ్రిమెంట్ ప్రకారం అది అద్దెకుండేవాళ్ల ఖర్చే. నాన్నకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట వచ్చింది. తుఫానుకు చేను మునిగిన ఏడాది కౌలు ఎంత తీసుకున్నావని అడిగితే "మునిగిన చేనుకి కౌలేంటమ్మా? వాడు నిలబడితేనే కదా వచ్చే ఏడు మన చేను దున్నేది" అన్నారు. మూడు నెలలూ సగం మేం భరిస్తామని వాళ్లకు చెప్పాను. 2,700 రూపాయలు. వాళ్లు ఖాళీ చేస్తే ఒక్క నెలకే 17,000 పోతుంది.

అసోసియేషన్ మీటింగ్‌కు వెళ్లాను. అద్దెకిచ్చిన ఓనర్లలో వచ్చింది నేనొక్కదాన్నే. ఇంకుడు గుంత తవ్వించి మేడ మీద వాన నీళ్లు అందులోకి పంపాలని, బోరు ఫ్లషింగ్ (పూడిక తీయడం) చేయించాలని తీర్మానం. ఫ్లాటుకు 8,000. కొంతమంది ఓనర్లు ఫోన్లో "మేం అక్కడ ఉండం కదా" అన్నారు. వాళ్లు ఉండకపోయినా ఇల్లు వాళ్లదే, వచ్చే అద్దె వాళ్లదే.

ఇంటి పన్ను ఈ నెలలోనే కట్టేశాను. ఏప్రిల్‌లో కడితే ఐదు శాతం తగ్గింపు, 3,840కి 3,648.

2024 జూన్ 2, ఆదివారం

ఏడాది లెక్క. ఎంత మిగిలిందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

తొమ్మిది నెలల అద్దె 1,53,000. ఖర్చులు: ఖాళీగా ఉన్న మూడు నెలల మెయింటెనెన్స్ 6,000, రెండు ఏళ్ల ఇంటి పన్ను 7,488, బయటి గోడ 8,500, గీజర్ 1,400, ట్యాంకర్లలో సగం 2,700, ఇంకుడు గుంత, బోరు 8,000, ఇన్సూరెన్స్ 2,300. మొత్తం 36,388. మిగిలింది 1,16,612. 53,41,000 మీద 2.2 శాతం. అదే సమయంలో లోన్‌కు కట్టిన వడ్డీ లక్షా 77 వేలు. అంటే వడ్డీ కూడా పోగా మా జీతాల్లోంచి 60 వేలు ఎదురు పెట్టాం, అసలు కాక.

ఇల్లు ఖాళీ లేకుండా నిండా పన్నెండు నెలలు ఇచ్చినా, అద్దె కాస్త పెంచినా మూడున్నర శాతం దగ్గర ఆగుతుంది. 9 శాతానికి అప్పు తెచ్చి మూడున్నర శాతం వచ్చే దాంట్లో పెడితే ఈఎంఐ అద్దెతో తీరిపోదు. "అద్దె వస్తుంది, ఈఎంఐ దానంతటదే పోతుంది" అని ఏజెంట్లు చెప్పే మాట హైదరాబాద్ అద్దెలకు నిలవదు, డబ్బులో దాదాపు ముప్పాతిక భాగం మనదైతే తప్ప. మేం 20 లక్షల దగ్గర ఆగాం కాబట్టి ఊపిరి ఆడుతోంది. 40 లక్షలు తీసుకుని ఉంటే మొదటి మూడు నెలల ఖాళీలోనే టెన్షన్‌తో ఫ్లాటు అమ్మకానికి పెట్టేవాళ్లం.

పన్ను లెక్క. మార్చి దాకా వచ్చింది ఏడు నెలల అద్దె, 1,19,000. కట్టిన ఇంటి పన్ను తీసేస్తే 1,15,160. అందులో 30 శాతం రిపేర్ల కింద ప్రభుత్వమే తగ్గిస్తుంది, బిల్లులు అడగదు. మిగిలిన 80,612 మీద లోన్ వడ్డీ తీసివేయొచ్చు. ఆ ఏడాది వడ్డీ సుమారు 1,48,000 కాబట్టి అద్దె మీద పన్ను సున్నా. పైన మిగిలిన నష్టాన్ని పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లు జీతంలోంచి 2 లక్షల దాకా తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఉన్న నాకు ఆ వీలు లేదు. వడ్డీ మీద పన్ను కలిసొస్తుందని పెద్ద లోన్ తీసుకునే ముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి.

జూలైలో చిట్టీ పాట నాది. వచ్చే 3 లక్షలు లోన్‌లో కట్టేస్తాను. మారే వడ్డీ లోన్ కాబట్టి ముందే కట్టినా పెనాల్టీ లేదు. ఇంకో గదిలో కొత్త ఫర్నిచర్ పెట్టి అద్దె పెంచమని మా తమ్ముడి సలహా. దాని కన్నా 9 శాతం అప్పు తగ్గడమే నాకు గట్టి రాబడి.

2024 ఆగస్టు 4, ఆదివారం

అగ్రిమెంట్ మళ్లీ రాసుకున్నాం. బిల్డింగ్‌లో ఇలాంటి ఫ్లాట్లు 19,000కు పోతున్నాయి. మేం ఐదు శాతమే పెంచి 17,850 అన్నాం. ఆ అమ్మాయి వెంటనే సరే అంది. రెండు వేలు ఎక్కువ అడిగి వాళ్లు వెళ్లిపోతే, ఒక్క నెల ఖాళీకీ, మళ్లీ రంగులకూ, బ్రోకర్‌కూ పోయేది మూడేళ్ల ఆ తేడా కన్నా ఎక్కువ.

2024 సెప్టెంబరు 8, ఆదివారం

చవితికి నాన్న వచ్చారు. 303 చూస్తానన్నారు. చేను అమ్మాక ఆ డబ్బు ఏమైందో ఇన్నాళ్లూ అడగలేదు.

పెద్దావిడ మజ్జిగ ఇచ్చింది. శ్రీకాకుళంలో ఎవరి ఊరు ఎక్కడ, గోదావరి నీళ్లు ఎన్ని రోజులు వదులుతారు, ఇద్దరూ అవే మాట్లాడుకున్నారు. నాన్న వెనక బాత్రూంలోకి వెళ్లి కుళాయి విప్పారు. తర్వాత కిందికి దిగి ఇంకుడు గుంత దగ్గర చాలాసేపు నిలబడ్డారు, కాలవ తూము దగ్గర నిలబడేటట్టే. మేడ మీది నుంచి దిగే పైపును కింద నుంచి పైదాకా చూపుతో కొలిచి, "గొట్టం సన్నం పెట్టారు. గట్టి వాన కొడితే ఈ నీళ్లు గుంతలోకి రావు, పక్క వీధిలోకి పోతాయి. నాలుగంగుళాలది వేయించు" అన్నారు.

ఈ నెల పనులు: వాన గొట్టం నాలుగంగుళాలది, అసోసియేషన్‌లో అడగాలి. మేడ మీది ట్యాంకు కడిగించాలి. వంటింటి సింక్ కింద చిన్న చెమ్మ ఉందని పెద్దావిడ చెప్పింది, బుధవారం ప్లంబర్ వస్తాడు.